సుత్తెలకు ఆముదం

నా గురించి పత్రికల్లో రాసిన ప్రతివాళ్లూ ఒకే అబద్ధంతో మొదలుపెట్టారు. నేను కటిక పేదరికంలో పుట్టాననీ, పియానో కొనే తాహతు లేక బండరాయి మీద గీతలు గీసుకుని నేర్చుకున్నాననీ. చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. మాకు తాండూరు పక్కన కంది చేలున్నాయి. నాపరాయి గని ఉంది. నడింట్లో నిఖార్సయిన జర్మనీ పియానో ఉంది. బండ మీద సాధన చేసిన మాట మాత్రం నిజమే. దానికి కారణం పేదరికం కాదు, మా నాయనమ్మ భక్తి.

ఆ పియానో మా ఇంటికి రావడమే ఒక తమాషా. 1948 చలికాలంలో, పోలీస్ యాక్షన్ ముగిశాక, మా దగ్గరి జాగీర్దారు ఒకాయన బంగళా ఖాళీ చేసి హైదరాబాదు వెళ్లిపోతూ సామాను అమ్మకానికి పెట్టాడు. నాన్న అక్కడికి టాంగా కొందామని వెళ్లాడు. ఆయన వెళ్లేసరికే టాంగాను ఎవరో తోలుకుపోయారు. ఉత్త చేతులతో తిరిగి రావడం నాన్న ఒంట్లో లేదు. సాయంత్రానికి గనిలో బండలు మోసే బండి మీద వరిగడ్డి పరిచి, దాని మీద ఒక నల్లటి పెట్టెను నిలబెట్టి, మోకులతో కట్టించి, తాను ముందు నడుస్తూ ఊరేగింపుగా ఇంటికి తెచ్చాడు.

నాయనమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని వాకిట్లో నిలబడింది.

"గుర్రంబండి తెస్తనని పోయి గిదేం తెచ్చినవ్‌రా?"

"పియానో అమ్మా. దొరలు వాయిస్తరు."

"మనింట్ల దొరలెవరున్నరు?"

నాన్న దిక్కులు చూశాడు. స్తంభం పక్కన పరికిణీ అంచు నములుతూ నిలబడ్డ నేను కనిపించాను. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

"బిడ్డ వాయిస్తది," అన్నాడు.

నా బతుకు అలా తేలిపోయింది. పూర్వజన్మ సుకృతమనీ, దైవసంకల్పమనీ సభల్లో నన్ను పొగిడినప్పుడు నేను కిక్కురుమనకుండా కూర్చుంటాను గానీ, అసలు సంగతి ఇది. తల్లికి జవాబు చెప్పలేక నాన్న నోటికొచ్చిన మాట అన్నాడు. అన్న మాట మీద నిలబడటం ఆయన స్వభావం కాబట్టి నేను పియానిస్టునయ్యాను.

పెట్టెను నడింట్లో దించాక మనుషులంతా వెళ్లిపోయారు. మూత ఎత్తి ఒక మీట నొక్కాను. మా ఇంటి గచ్చు నాపరాయిదే, గోడలు రాతివే, కప్పు కూడా రాతిదే. ఆ స్వరం గచ్చు మీద జారుకుంటూ వంటింటి దాకా పోయింది. అమ్మ అట్లకాడతో బయటికొచ్చింది. "ఏందది?" అంది. నేను మళ్లీ నొక్కాను. అంత సంతోషం నాకు అంతకు ముందు తెలియదు. జాతరలో కొనిచ్చిన గాజులు, కొత్త పరికిణీ, ఏవీ దాని కాలిగోటికి సరిపోవనిపించింది. అన్నానికి పిలిచినా లేవలేదు.

నేర్పేవాళ్లెవరు? స్టేషన్‌మాస్టరు చెప్పాడు, వికారాబాద్ మిషన్ కాంపౌండులో ఒక దొరసాని ఉందనీ, వాళ్ల ప్రార్థనల్లో పియానో ఆమే వాయిస్తుందనీ. అప్పటినుంచీ శనివారం శనివారం నాయనమ్మా నేనూ ప్యాసింజరు రైలెక్కేవాళ్లం. ఆడపిల్లను ఒంటరిగా రైలెక్కించే రోజులు కావు. నాయనమ్మ కొంగున జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం మూట కట్టుకుని, చేత ఇత్తడి చెంబుతో నీళ్లు పట్టుకుని బయల్దేరేది. ఆమె బషీరాబాద్ అవతల కన్నడ ఊరి ఆడపడుచు. రైల్లో అటువైపు మనుషులు తగిలితే చాలు, కన్నడంలో వాళ్ల ఇంటి గుట్టంతా రాబట్టేది.

మిషన్ ఇంట్లోకి మాత్రం నాయనమ్మ అడుగు పెట్టేది కాదు. మా ఇళ్లలో పట్టింపులు అలా ఉండేవి. వరండాలో గోడకానుకుని కూర్చుని, కిటికీలోంచి నా చేతులు చూస్తూ తన చెంబులో నీళ్లే తాగేది. దొరసాని గ్లాసుతో నీళ్లు పంపితే "మాకు దూప లేదమ్మా" అని దండం పెట్టేది. దొరసాని అర్థం చేసుకుందో లేదో గానీ, వారం వారం గ్లాసు పంపడం మానలేదు, నాయనమ్మ దండం పెట్టడమూ మానలేదు.

మా టీచరు తెలుగు వినితీరాలి. సగం ప్రార్థనల్లోంచి, సగం వికారాబాద్ సంతలోంచి నేర్చుకుంది. "వ్రేళ్లు వంచుము బిడ్డా. గట్ల కాదు. జర గుండ్రముగా," అనేది. నా చేతి వీపు మీద చింతగింజ పెట్టి, అది జారకుండా సరిగమలు వాయించమనేది. జారితే మళ్లీ మొదటికి. ఇంట్లో నేను చింతగింజలు ఏరుకుని దాచుకుంటుంటే అమ్మ, పిల్లకు ఇంకా అచ్చనగండ్ల పిచ్చి పోలేదనుకుంది.

ఏళ్లు గడిచాయి. పూడూరు నుంచి వచ్చిన చుట్టాలు పియానో ముందు కూర్చుని, "మోగుతది సరే, పాట ఏది?" అని అడిగేవారు. పాడమనేవారు. సినిమా పాట వాయించమనేవారు. నేను ఠపీమని మూత వేసి లేచిపోయేదాన్ని. ఆ పిల్లకు మస్తు పొగరని పేరొచ్చింది. పొగరు ఉన్న మాట నిజం. నేను బాగా వాయించేదాన్ని, ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినదాన్ని తెలియనట్టు నటించడం నాకు ఇవాళ్టికీ రాదు.

1956లో ఒక శనివారం టీచరు నన్ను పీట మీంచి లేవనివ్వలేదు. క్రిస్మస్ అయ్యాక తాను శాశ్వతంగా తన దేశం వెళ్లిపోతోందట. డిసెంబరులో ఇంగ్లండు నుంచి పియానో పరీక్షకుడు ఒకాయన బొంబాయిలో దిగి సికింద్రాబాద్ పోతాడట. దారిలో ఒక్క పూట వికారాబాద్‌లో దిగమని తాను రాస్తే ఒప్పుకున్నాడట. అన్నిటికన్నా పై పరీక్ష నేనిచ్చి నెగ్గితే మద్రాసు సంగీత పాఠశాలలో చోటు దొరుకుతుంది. "మరియొక అవకాశము రాదు బిడ్డా," అంది.

ఇంటికొచ్చి నాన్నకు చెప్పాను. నాన్న చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. అప్పటికే చుట్టాలు ఆయన్ను పీక్కు తింటున్నారు. పదిహేడేళ్ల పిల్లను ఆ డబ్బా ముందు కూర్చోబెట్టి ఏం చేస్తావని.

"నెగ్గితే మద్రాసు పంపుత. ఎవడేమన్నా పంపుత," అన్నాడు. "నెగ్గకుంటే ఆ మూత మళ్ల తెరవద్దు. దాని సోయే మరిచిపోవాలె. ఒప్పుకుంటవా?"

"ఒప్పుకుంట నాయినా."

నాకు రవ్వంత భయం కూడా వెయ్యలేదు. నేర్చుకోవాల్సినవి నేర్చుకున్నాను. అన్నిట్లోకీ కష్టమైనది జర్మనీ దేశపు పాత సంగీతం ఒకటి. అందులో కుడిచెయ్యి ఒక మాట అంటే ఎడమచెయ్యి దాన్నే పట్టుకుని వెంటపడుతుంది, చివర్లో చేతులు ఒకదాని మీదుగా ఒకటి దాటతాయి. అది కూడా చేతికొచ్చింది. ఇక పదును పెట్టుకోవడమే మిగిలింది. దసరా వచ్చింది. బతుకమ్మకు అమ్మతో కలిసి కొడంగల్ మేనమామల ఇంటికి వెళ్లాను.

దసరానాడు మా ఇంట్లో పనిముట్లన్నీ కడిగి, నూనె రాసి, బొట్లు పెడతారు. నాగళ్లు, గుంటుకలు, కొడవళ్లు ఒక వరస. గని పనిముట్లు ఇంకో వరస. మా ఇంటికి అన్నం పెట్టేది గని కాబట్టి అక్కడి సుత్తెలకు, ఉలులకు మర్యాద ఎక్కువ. ప్రతి సుత్తెకూ ఆముదం రాయాల్సిందే. రాయని సుత్తె ఆ ఏడాది ఎవరిదో ఒకరి వేలు నలగ్గొడుతుందని నాయనమ్మ గట్టి నమ్మకం.

ఆ రోజు నాయనమ్మకు నా పియానో గుర్తొచ్చింది. అదీ మా బిడ్డ పనిముట్టే కదా అనుకుంది. పైన తుడుస్తూ, చెదలేమైనా పట్టిందేమో చూద్దామని ముందు పలక తీసింది. లోపల చూసింది.

లోపల ఈ చివర నుంచి ఆ చివర దాకా బారులు తీరి సుత్తెలు.

మేము సాయంత్రం కొడంగల్ నుంచి వచ్చేసరికి నాయనమ్మ గుమ్మంలోనే ఎదురైంది. మొహం వెలిగిపోతోంది. జమ్మి ఆకు చేతిలో పెట్టి, నన్ను లోపలికి లాక్కుపోయింది.

"లోపటంత సుత్తెలే ఉన్నయ్ గద బిడ్డా! ఇన్నేండ్ల సంది ఒక్క దసరకన్న నూనె పెట్టకపోతిమి. ఎంత తప్పు! ఒక్కొక్కదానికి నేనే పెట్టిన. మంచిగ నాననిచ్చి మళ్ల పెట్టిన."

పలక తీసి ఉంది. ప్రతి సుత్తె మీదా ఆముదం నిగనిగలాడుతోంది. ప్రతి సుత్తె తలకూ కుంకుమ బొట్టు ఉంది. పియానోలో సుత్తె తల ఇనుము కాదు, ఒత్తుగా నొక్కిన ఉన్ని. ఆ ఉన్ని ఆముదాన్ని కడుపునిండా తాగింది. నేను మీట నొక్కాను. తడి గోనెసంచిని కర్రతో కొట్టినట్టు ఒక చప్పుడు వచ్చింది. లేచిన సుత్తె తీగకు అంటుకుని అక్కడే ఉండిపోయింది. ఇంకోటి నొక్కాను. అది పక్కదాన్ని కూడా వెంటేసుకుని లేచింది.

నేను ఇల్లెగిరిపోయేలా అరిచాను. ఏమన్నానో అన్నీ గుర్తులేవు, గుర్తున్నవి ఇక్కడ రాయను. నాన్న వచ్చి చూసి మొదట పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. సికింద్రాబాద్ నుంచి పియానోలు బాగుచేసే మనిషిని పిలిపించాడు. ఆయన తల పట్టుకున్నాడు. ఉన్ని మొత్తం మార్చాలి, అది ఓడలో రావాలి, ఎండాకాలం లోపు ఆశ పెట్టుకోవద్దు అని చెప్పి వెళ్లిపోయాడు.

పరీక్ష డిసెంబరులో. టీచరు పియానో దొరికేది శనివారం ఒక్కపూట. మిషన్ హాస్టల్లో ఉంటానంటే ఇంట్లో ఒక్కరూ ఒప్పుకోలేదు. నాలుగు రోజులు వేళ్లు కదపకపోతే మొద్దుబారడం మొదలవుతాయి. నా పని అయిపోయిందని పడుకుని ఏడ్చాను.

నాయనమ్మ ఏడవలేదు. తప్పయిందని కూడా అనలేదు. ఆమె నోటినుంచి ఆ మాట ఎవరూ వినలేదు. పొద్దున్నే లేచి చూస్తే పియానో ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, చీపురుపుల్లతో మీటల వెడల్పు కొలుస్తోంది.

"ఏం చేస్తున్నవ్?" అన్నాను విసురుగా.

"నా చేతుల ఆగమైంది, నా చేతులతోనే సక్కజేస్త. నువ్వు పోయి మొకం కడుక్కో."

ఆమె నాన్నతో ఏం మాట్లాడిందో తెలియదు. మధ్యాహ్నానికి గని నుంచి పియానో అంత పొడవు నాపరాయి ఒకటి, కింద పెట్టే దిమ్మెలు రెండు వచ్చాయి. నునుపు పట్టిన నీలం బండ. సరిగ్గా మీటల ఎత్తులో దాన్ని నిలబెట్టించి నాన్న గనికి పోయాడు. నాయనమ్మ ముగ్గుపిండి తెచ్చింది. పుల్ల కొలత ప్రకారం తెల్లమీటల మధ్య గీతలు లాగింది. నల్లమీటలు ఉండే చోట్ల గడపకు రాసే జాజు, ఆ ఎర్రమట్టి, పూసింది. ఎనభై ఏళ్లకు దగ్గరపడ్డ మనిషి, ఒక్క గీత కూడా వంకర పోలేదు. వాకిట్లో అన్నేళ్లు ముగ్గులు వేసిన చెయ్యి.

"కూసో. కొట్టు," అంది.

"చప్పుడెట్ల వస్తది?"

"చప్పుడు నాకెట్లాగు తెల్వది. నాకు వేళ్లు తెలుసు."

కోపంగానే కూర్చున్నాను. జర్మనీ సంగీతం మొదటినుంచి చివరిదాకా బండ మీద వాయించాను. అయిపోగానే నాయనమ్మ నా రెండు చేతులూ పట్టుకుని తిరగేసింది. వేళ్లన్నీ తెల్లగా ఉన్నాయి.

"ఎర్రగుంటే సరే. అది నల్లమీట. తెల్లగుంటే నువ్వు గీత తొక్కినట్టు. గిదేంది, పిండి పిసికినట్టున్నయ్?"

నేను గుడ్లప్పగించి చూశాను. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. వేలు మీట నడుమ పడితే బండే తగులుతుంది, గీత మీద పడితే ముగ్గు అంటుతుంది. పియానో మీద వాయించేటప్పుడు చిన్న చిన్న పొరపాట్లను స్వరాల జోరు కప్పేస్తుంది. బండ మీద కప్పేది ఏదీ లేదు. పొగరంతా దిగింది. చేతులు కడుక్కొచ్చి మళ్లీ కూర్చున్నాను.

అప్పటినుంచీ పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేశాక నాయనమ్మ నా బండ మీదా వేసేది. నేను వాయిస్తుంటే పక్కన కూర్చుని తొడ మీద అరచేత్తో దరువు వేసేది. లెక్క మాత్రం పుట్టింటి భాషలోనే. ఒందు, ఎరడు, మూరు, నాల్కు. నేను తొందరపడితే తన దరువు గట్టిగా వేసి నన్ను వెనక్కి లాగేది. అయిపోగానే "చేతులు సూపియ్" అనేది. చెరిగిన గీతలు మళ్లీ లాగేది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు తలుపు సందులోంచి చూసి, పిల్లకు గాలి సోకింది, బండను గుద్దుకుంటోంది అని చెప్పుకున్నారు. ఒకావిడ నిమ్మకాయ దిష్టి తీయడానికి వచ్చింది. నాయనమ్మ ఆ నిమ్మకాయ లాక్కుని పులిహోర చేయించింది.

టీచరు నా ఎర్రటి వేళ్లు చూసి అడిగితే చెప్పాను. సుత్తెలకు ఆముదమనగానే ఆమె నవ్వాపుకోలేక బల్ల మీద తల పెట్టుకుంది. తర్వాత నన్ను వాయించమని, సగంలోనే ఆపింది. "నీ చేయి బలపడెను బిడ్డా. కాని జర మెల్లగ కొట్టుము. నా పియానో బండ కాదు." ఆ రోజునుంచి మెత్తగా వాయించడం కూడా బండ మీదే అభ్యాసం చేశాను. ముగ్గుపొడి ఎగిరి పక్కన పడకుండా వాయిస్తే అది మెత్తన.

పరీక్షరోజు నాన్న పెట్టె అడుగునుంచి షేర్వానీ తీసి తొడుక్కున్నాడు. ఇస్త్రీ మడతల మీద కలరా ఉండల వాసన. ముగ్గురం రైలెక్కాం. మూడు స్టేషన్లు దాటాక నాన్న, "ఫికర్ చెయ్యకు బిడ్డా," అన్నాడు. ఫికర్ అంతా ఆయన మొహంలోనే ఉంది.

పరీక్ష మిషన్ హాల్లో. హాలు వెనకే రైలుకట్ట. పరీక్షకుడు పొడుగ్గా, ఎండకు కందిపోయి, గోడవారగా బల్ల వేసుకుని కూర్చున్నాడు. నాకంటే ముందు మిషన్ పిల్ల ఒకతె వాయించింది. చక్కగా వాయిస్తోంది, ఇంతలో ఇంజను కూత పెట్టింది. చక్రాల రొదలో ఆ పిల్లకు తన పియానో తనకే వినిపించలేదు. వేళ్లు తడబడి ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టమన్నాడు గానీ ఆమె ఏడుస్తూ లేచిపోయింది.

నా పేరు పిలిచారు. కిటికీ అవతల వరండాలో నాన్న, నాయనమ్మ. నాయనమ్మ ఊచలకు మొహం ఆనించి నా చేతులకేసే చూస్తోంది.

సరిగమలు అయ్యాయి. చిన్నవి రెండు అయ్యాయి. జర్మనీ సంగీతం మొదలుపెట్టాను. కుడిచెయ్యి అన్నమాట ఎడమచెయ్యి అందుకుంది. వెంటాడటం మంచి ఊపులో ఉండగా అనంతగిరి వైపునుంచి గూడ్సుబండి వచ్చింది. ఎత్తు ఎక్కలేక రొప్పుతూ, ముందొక ఇంజను, వెనకొక ఇంజను. కిటికీ రెక్కలు గడగడలాడాయి. పియానో మూత మీది పూలకుండీ వణికింది. నా పియానో నాకు మాయమైపోయింది. ఒక్క స్వరం లేదు.

నాకు భయం వెయ్యలేదు. ఆశ్చర్యంగా ఉంటుంది గానీ నిజం. నేను ఇంట్లో ఉన్నట్టయింది. చప్పుడు లేని సంగీతం నాకు రోజూ ఉన్నదే కదా. కంటి చివర కిటికీ ఊచ మీద ముడతలు పడ్డ అరచెయ్యి ఒకటి లేస్తోంది, పడుతోంది. ఒందు, ఎరడు, మూరు, నాల్కు. బోగీల వెంట బోగీలు పోతున్నాయి. వాటిలో మా తాండూరు బండలే ఉన్నాయేమో. నా వేళ్లు గీతలు తొక్కకుండా మీటల నడుమ పడుతున్నాయని నా చర్మానికి తెలుస్తోంది. ఎడమచెయ్యి కుడిచేతి మీదుగా దాటింది. దరువు తప్పలేదు. నేనూ తప్పలేదు.

చివరి బోగీ పోయింది. రొద తగ్గుతూ ఉండగా దాని అడుగునుంచి పియానో బయటికొచ్చింది, సరిగ్గా ఉండాల్సిన చోట, ఉండాల్సిన వేగంలో, చేతులు రెండోసారి దాటే దగ్గర. పరీక్షకుడు కలం బల్ల మీద పెట్టేసి తలెత్తాడు. మళ్లీ కలం ముట్టుకోలేదు. చివరి స్వరాలు మూడూ నేను మెత్తగా, ముగ్గు చెదరనంత మెత్తగా వాయించి చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.

ఆయన ఇంగ్లీషులో ఏదో అన్నాడు. టీచరు నా వైపు తిరిగింది. "అంత శబ్దములో ఏమి విని వాయించితివి అని అడుగుచున్నారు."

"ఏం వినలే. లెక్క పెట్టిన."

ఆయన నా వేళ్ల ఎరుపు చూసి అదేమిటన్నాడు. టీచరు ఆముదం నుంచి జాజు దాకా అంతా చెప్పింది. ఆయన మొదట నవ్వాడు, తర్వాత నవ్వలేదు. లేచి వరండాలోకి వెళ్లి, షేర్వానీలో కొయ్యబారి నిలబడ్డ నాన్నతో చెయ్యి కలిపి ఒక ప్రశ్న అడిగాడు. టీచరు దాన్ని తెలుగులోకి తెచ్చింది.

"ఈ చిన్నదానిని ఇంకను మద్రాసునకు ఏల పంపలేదు అని అడుగుచున్నారు."

నాన్న, "పంపుత," అన్నాడు. "పంపుత అని చెప్పమ్మా. జూన్‌లనే పంపుత."

నేను గెలిచాను. గెలిచానని గట్టిగా అరవాలనిపించింది. అంతలో నాయనమ్మ చెప్పులు విడిచి, గడప దాటి, హాల్లోకి వచ్చింది. అన్నేళ్లలో మొదటిసారి. ఎవరినీ చూడకుండా నా దగ్గరికొచ్చి రెండు చేతులూ తిరగేసి, వేలు వేలూ చూసింది. అక్కడ ముగ్గు లేదని, అది నిజం పియానో అని ఆమెకు తట్టనే లేదు. "తెల్లగ లేవు," అంది తృప్తిగా. తర్వాత టీచరు వైపు తిరిగి, "జర మంచినీళ్లు ఇస్తవా అమ్మా," అంది. టీచరు పరుగున తెచ్చిన గ్లాసును ఎత్తి గటగటా తాగేసింది. ఇత్తడి చెంబు నిండుగా వరండాలోనే ఉంది.

మద్రాసు వెళ్లాను. అక్కడినుంచి బొంబాయి. అవన్నీ పత్రికల్లో ఉన్నాయి కాబట్టి ఇక్కడ పొడిగించను. పెద్ద వాద్యబృందం నడుమ కూర్చుని వాయించాను, హాలంతా లేచి నిలబడింది. నన్ను మెచ్చుకుంటూ రాసినవాళ్లు నా వేళ్ల కచ్చితం గురించే రాశారు. ఎవరి దగ్గర నేర్చావని అడిగితే ఇద్దరు ఆడవాళ్ల దగ్గర అని చెప్పేదాన్ని. రెండో ఆమె ఏ దేశస్థురాలని అడిగేవారు.

1960ల నడుమ ఒక దసరాకు నాన్న పట్టుబట్టి తాండూరులో నా కచేరీ పెట్టించాడు. కందులు దించే గంజ్‌లో, రేకుల షెడ్డు కింద. అప్పటికి మా పియానోకు కొత్త ఉన్ని వచ్చింది. మళ్లీ అదే బండల బండి మీద, వరిగడ్డి పరిచి, నాన్న ముందు నడుస్తూ తెచ్చాడు. కొడంగల్ నుంచి, బషీరాబాద్ నుంచి జనం దిగారు. పూడూరు చుట్టాలు ముందు వరసలో కంది బస్తాల మీద కూర్చుని, ఆ పిల్ల చిన్నప్పటినుంచీ అంతే, గొప్పగా వాయించేదని పక్కవాళ్లకు చెబుతున్నారు. నాయనమ్మను మంచంతో సహా తెచ్చి పియానో పక్కన దించారు. బాగా పెద్దదైపోయింది.

కొంగుముడి విప్పి కుంకుమ పొట్లం తీసింది. "నూనె తేలే బిడ్డా. ఒట్టు. బొట్టొక్కటే."

నేను అంతమంది ముందూ పియానో ముందు పలక తీసేశాను. సుత్తె కొనను కాకుండా కింది కర్రను ఆమె వేలికి చూపించాను. అక్కడ ఆమె ఒక్కటంటే ఒక్క బొట్టు పెట్టింది. పలక మూసి కూర్చున్నాను.

ఆ జర్మనీ సంగీతమే వాయించాను. గంజ్‌లో అంతమందీ నిశ్శబ్దంగా విన్నారు. అయిపోయింది. అయిపోయిందని ఎవరికీ తెలియదు, ఇంకా ఉందేమోనని చూస్తున్నారు. చేతులు రెండోసారి దాటాయంటే ముగింపని తెలిసినది ఒక్కతే. మంచంలోంచి ముందు ఆమే చప్పట్లు కొట్టింది. అప్పుడు షెడ్డు రేకులు ఎగిరిపోయేట్టు గంజ్ అంతా కొట్టింది. నాన్న కంది బస్తా మీదికెక్కి నిలబడి కొడుతున్నాడు.

నేను అలవాటుగా మంచం దగ్గరికెళ్లి రెండు చేతులూ చాచాను. నాయనమ్మ వాటిని పట్టుకుంది గానీ తిరగేయలేదు.

"ఇగ సూసుడు అయిపోయింది బిడ్డా," అంది. "ఇన్నేండ్లు వేళ్లే సూసిన. అది ఎట్లుంటదో నేను ఇననే లేదు. మళ్ల ఒక్కసారి కొట్టు."

నా చేతులు వదిలేసి వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. నేను వెళ్లి కూర్చుని మొదటినుంచి వాయించాను.